పల్నాడులో రిటైర్‌మెంట్ కోసం భూమి కొంటున్నారా? చౌక ఎందుకో ముందు తెలుసుకోండి

ఆర్టీసీలో రిటైరైనవాళ్లు, బడిలో పాఠాలు చెప్పి దిగిపోయినవాళ్లు, గల్ఫ్‌లో పదిహేనేళ్లు కష్టపడి తిరిగొచ్చినవాళ్లు. మన ఇళ్లలో వీళ్లందరి నోటా ఒకటే మాట వినిపిస్తుంది: "ఊళ్లో ఓ అరెకరం కొనుక్కుని, చిన్న ఇల్లు కట్టుకుని ప్రశాంతంగా ఉంటే చాలు." వడ్డీ సొమ్ము వద్దనుకునే కుటుంబాలకు బ్యాంకు డిపాజిట్ కంటే భూమే నయం అనిపిస్తుంది కూడా. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల రేట్లు చూసి వెనక్కి తగ్గినవాళ్ల చూపు ఇప్పుడు పల్నాడు వైపు తిరుగుతోంది.

నరసరావుపేట, గురజాల, మాచర్ల పరిసరాల్లో తక్కువ ధరకు భూమి దొరుకుతుంది, నిజమే. కానీ ధర తగ్గడానికి ఒక కారణం ఉంటుంది. నీళ్లు లేకపోవచ్చు, కాగితం సరిగ్గా లేకపోవచ్చు, దారి లేకపోవచ్చు, లేదా ఆసుపత్రికీ బస్సుకీ దూరం కావచ్చు. ముప్పై ఏళ్ల రైతు వీటిలో ఒకటో రెండో ఓర్చుకుని బాగుచేసుకుంటాడు. అరవై దాటినవాళ్లకు అంత టైం లేదు. పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బు ఒక్కసారే వస్తుంది. అందుకే ఈ నాలుగింటిలో మీరు దేన్ని భరించగలరు, దేన్ని భరించలేరు అన్నది ముందే తేల్చుకోవాలి.

పల్నాడు నేల ఒక్కతీరుగా ఉండదు

పాత గుంటూరు జిల్లాను విడదీసి 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పాటు చేశారు. జిల్లా కేంద్రం నరసరావుపేట. నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల రెవెన్యూ డివిజన్లు. మాచర్ల గురజాల డివిజన్ కిందికే వస్తుంది.

జిల్లాకు ప్రాణం నాగార్జునసాగర్ కుడి కాలవ. కాలవ కింద ఉన్న మాగాణికి ఒక ధర, పక్క ఊళ్లోనే కాలవ అందని మెట్టకు ఇంకో ధర ఉంటుంది. నల్లరేగడి ఎక్కువున్న చోట పత్తి, మిర్చి పండుతాయి. అదే నల్లరేగడిలో ఇల్లు కట్టాలంటే పునాది ఖర్చు పెరుగుతుంది, ఎందుకంటే ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు పగుళ్లిస్తుంది. దాచేపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల వైపు నేల కింద సున్నపురాయి, నాపరాయి పొరలు ఉంటాయి. ఈ బెల్టులో గనులు, సున్నం బట్టీలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. శ్వాస సమస్య ఉన్న పెద్దవాళ్లు ఉంటే, మీరు చూస్తున్న భూమికి దగ్గర్లో క్వారీ ఉందా, గాలి ఎటు వీస్తుంది అని ఊరివాళ్లను అడగండి. ఇప్పుడు ఖాళీగా కనిపించే గుట్ట మీద మైనింగ్ లీజు ఉందేమో గనుల శాఖ ఆఫీసులో తెలుసుకోవచ్చు.

ఎండ సంగతీ మర్చిపోవద్దు. రాష్ట్రంలో బాగా కాగే ఊళ్ల పేర్లు చెప్పమంటే రెంటచింతల ముందు వస్తుంది. భూమి చూడటానికి చాలామంది సంక్రాంతి సెలవుల్లో వెళ్తారు. అప్పుడు పొలాలు పచ్చగా ఉంటాయి, బావుల్లో నీళ్లుంటాయి. అసలు చూడాల్సింది ఏప్రిల్, మే నెలల్లో.

నీళ్లు: సాగుకి వేరు, తాగడానికి వేరు

"కాలవ కింద భూమి" అని అమ్మేవాళ్లు చెబితే మూడు ప్రశ్నలు వేయండి. ఏ మేజర్, ఏ మైనర్ కాలవ కింద ఉంది? తూము నుంచి ఎంత దూరం? గత ఐదేళ్లలో ఎన్నేళ్లు నీళ్లొచ్చాయి? కాలవ చివరి భూములకు మ్యాపులో ఆయకట్టు ఉంటుంది, మడిలో నీళ్లుండవు. సాగర్‌లో నీళ్లు తగ్గితే మొత్తం కుడి కాలవకే కష్టం వస్తుంది. 2023లో వానలు తగ్గి, కుడి కాలవకు తాగునీటి కోసం ఆ ఏడాది నవంబర్ 30న సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడే దాకా వచ్చింది.

కొత్త ప్రాజెక్టుల పేరు చెప్పి ధర పెంచేవాళ్లూ ఉంటారు. మాచర్ల వైపు వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబర్‌లో శంకుస్థాపన జరిగింది. శంకుస్థాపన రాయికీ పొలంలో నీళ్లకూ మధ్య చాలా ఏళ్లు పట్టొచ్చు. రాబోయే నీళ్లకు ఇవాళ డబ్బు కట్టకండి.

బోరు మీద ఆధారపడాలంటే పక్క పొలాల రైతులను అడగండి. ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయి, ఎన్ని బోర్లు ఎండిపోయాయి, ఎండాకాలం ఎన్ని గంటలు మోటార్ ఆడుతుంది? రాతిపొర ఉన్నచోట ఈ గట్టున నీళ్లు పడి, ఆ గట్టున పడకపోవడం మామూలే.

ఇక తాగునీరు. వినుకొండ, బొల్లాపల్లి, వెల్దుర్తి లాంటి మండలాల్లో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు లేకపోతే గరిష్ఠంగా 1.5 వరకు అని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు మించిన నీరు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. బోరు నీరు ఒక సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. భూమి ధర ముందు ఆ ఖర్చు లెక్కలోకే రాదు.

సాగునీరు లేకపోయినా రిటైరైనవాళ్లు బతకొచ్చు, మెట్టలో చెట్లు పెట్టుకోవచ్చు. తాగునీరు లేకపోతే మాత్రం ఆ భూమి మీకు పనికిరాదు.

కాగితం: ఇక్కడ సర్దుబాటు వద్దు

నాలుగు లోపాల్లో అస్సలు ఓర్చుకోకూడనిది ఇదే. కోర్టు కేసు పదేళ్లు నడిస్తే ఆ పదేళ్లు మీ రిటైర్‌మెంట్ నుంచే పోతాయి.

బయానా ఇవ్వకముందే ఈ కాగితాలు చూడాలి:

- అమ్మేవారి రిజిస్టర్డ్ దస్తావేజు, దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లు.
- కనీసం 30 ఏళ్ల ఈసీ.
- మీభూమిలో 1బి, అడంగల్. పాస్‌బుక్‌లో ఉన్న పేరు, విస్తీర్ణం వీటితో కలవాలి.
- రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో నిషేధిత భూముల జాబితా, అంటే 22ఎ లిస్టు.
- రీసర్వే జరిగిన ఊరైతే పాత సర్వే నంబర్‌కు ఇచ్చిన కొత్త ఎల్‌పీఎం నంబర్, దాని మ్యాపు.

ఈసీలో ఏమీ లేదంటే గొడవ లేదని కాదు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, నోటి మాట మీద జరిగిన పంపకాలు, కోర్టులో నడుస్తున్న కేసులు ఈసీలో కనపడకపోవచ్చు. అందుకే కాగితాలన్నీ ఒక లాయర్‌కు చూపించండి. ఆ లాయర్‌ను మీరే ఎంచుకోవాలి, బ్రోకర్ తెచ్చినాయన వద్దు.

రీసర్వేలో కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు రైతుల భూమి కలిపి ఒకే ఎల్‌పీఎం నంబర్ పడింది. దీన్నే జాయింట్ ఎల్‌పీఎం అంటున్నారు. అలాంటి భూమి అయితే అమ్మేవారి చేతనే ముందు సబ్ డివిజన్ చేయించి, సొంత నంబర్ వచ్చాకే కొనాలి.

సాదా బైనామా మీద, అంటే తెల్లకాగితం రాతకోతల మీద భూమి కొనొద్దు. జీపీఏ చేతిలో పెట్టి "ఇదే రిజిస్ట్రేషన్" అంటే నమ్మొద్దు. జీపీఏ, అగ్రిమెంట్‌లతో యాజమాన్య హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

వెల తక్కువ, ప్రమాదం ఎక్కువ ఉన్న భూములు

*అసైన్డ్ భూమి.* ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చిన భూమి. 1977 చట్టం ప్రకారం దీన్ని అమ్మడం, కొనడం చెల్లదు. ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు, కొన్నవారి మీద కేసు కూడా పెట్టొచ్చు. 2023 సవరణతో 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కులిచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక అక్రమాలు జరిగాయని ఈ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపారు. "ఫ్రీహోల్డ్ అయిపోయింది" అని ఎవరైనా చెబితే, తహసీల్దార్ ఆఫీసులో ఇవాళ్టి పరిస్థితి రాతపూర్వకంగా తెలుసుకోండి.

*చుక్కల భూమి.* పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో యజమాని పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టిన భూములు. వీటిని సరిదిద్దడానికి 2017లో ఒక చట్టం వచ్చింది. చుక్కలు తొలగించి 22ఎ లిస్టు నుంచి తీసేసిన ఉత్తర్వు చేతికి వచ్చాకే మాట్లాడాలి.

*అడవి అంచు.* మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు నల్లమల అంచు ఊళ్లలో రెవెన్యూ భూమికీ అటవీ భూమికీ హద్దు తగాదాలుంటాయి. అటవీ శాఖ నుంచి కూడా స్పష్టత తీసుకోవాలి.

*ముంపు అంచు.* కృష్ణ ఒడ్డున పులిచింతల ప్రాజెక్టు ముంపు పరిధి ఎంతవరకో చూసుకోవాలి. వాగు, కుంట, డొంక పోరంబోకులు కలుపుకుని కంచె వేసిన పొలాలు కూడా ఉంటాయి. సర్వేయర్ కొలిస్తేనే బయటపడతాయి.

మనవాళ్లు ఎక్కువగా మోసపోయే రెండు చోట్లు

ఒకటి, వక్ఫ్ భూమి. పల్నాడులో దర్గాలకు, మసీదులకు, ఆషుర్‌ఖానాలకు, ఖాజీ సేవకు ఇచ్చిన ఇనాం భూములు ఉన్నాయి. "మా తాతల నుంచి మేమే చేసుకుంటున్నాం, మన వాళ్లే కదా, మీకైతే తగ్గించి ఇస్తాం" అనే మాట మన మధ్యే ఎక్కువ వినపడుతుంది. తరతరాలుగా సాగు చేసినంత మాత్రాన అమ్మే హక్కు రాదు. వక్ఫ్ ఆస్తి అమ్మకం, దానం, తాకట్టు చెల్లవని 2013 సవరణ స్పష్టంగా చెప్పింది. ఇనాం రద్దు చట్టం కింద పట్టా వచ్చినా వక్ఫ్ స్వభావం పోదని 1998లో సయ్యద్ అలీ, ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి పాస్‌బుక్ చూపించినా సరే, ఆ సర్వే నంబర్ వక్ఫ్ గెజిట్‌లో ఉందేమో వక్ఫ్ బోర్డులో కనుక్కోండి. 2025 జూన్‌లో మొదలైన ఉమీద్ పోర్టల్‌లో కూడా వెతకొచ్చు. చట్టం పక్కన పెట్టినా, అల్లా పేరున రాసిన భూమిలో ఇల్లు కట్టుకుని ఆఖరి రోజులు ప్రశాంతంగా గడపగలమా అని కూడా ఆలోచించాలి.

రెండోది, ఆడపడుచుల వాటా. అమ్మే కుటుంబం ముస్లిం కుటుంబం అయితే, తండ్రి చనిపోయిన రోజే కొడుకులకు, కూతుళ్లకు, భార్యకు వాటాలు వచ్చేస్తాయి. కూతురికి కొడుకు వాటాలో సగం. పొలం మాత్రం మగపిల్లలకే అనే మాట తప్పు. 1937 షరియత్ చట్టంలో వ్యవసాయ భూమికి మినహాయింపు ఉండేది. గుంటూరు ప్రాంతం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉంది, ఆ రాష్ట్రం 1949లోనే ఆ మినహాయింపు తీసేసింది. అంటే అన్నదమ్ములు ఇద్దరే సంతకం పెడితే మీకు వచ్చేది వాళ్ల వాటా మాత్రమే. అత్తారింట్లో ఉన్న అక్కాచెల్లెళ్లు రేపు కోర్టుకు వెళ్తే తప్పు వాళ్లది కాదు. హిందూ కుటుంబం అయినా సంగతి అంతే, 2005 సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఉంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగి, అందులో ఉన్న ప్రతి పేరుకూ సంతకం ఉండేలా చూడండి.

దారి, దూరం

పొలానికి బండి వెళ్తోంది కదా అనుకుంటే చాలదు. ఆ బండి పక్కవాడి గట్టు మీదుగా వెళ్తుందేమో చూడాలి. గ్రామ పటంలో డొంకగా గుర్తించిన దారి అయితే సరే. వేరేవాళ్ల పొలంలోంచి అయితే ఆ దారి హక్కు రిజిస్టర్డ్ కాగితంలో రాయించాలి. నోటి మాట మీద ఇచ్చిన దారి, ఆ పొలం చేతులు మారిన రోజు మూతపడుతుంది.

దూరం లెక్క మ్యాపులో కిలోమీటర్లతో కాకుండా రాత్రి రెండింటికి అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుందన్న దాంతో వేయండి. నరసరావుపేట నుంచి గుంటూరు సుమారు 45 కిలోమీటర్లు. మాచర్ల నుంచైతే వంద దాటుతుంది. గుండె జబ్బు, డయాలసిస్ లాంటివి ఉన్నవాళ్లు నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ల లాంటి పట్టణాలకు దగ్గర్లో కొంచెం తక్కువ భూమి కొన్నా నష్టం లేదు. నరసరావుపేట, వినుకొండ గుంటూరు–గుంతకల్ రైల్వే లైన్ మీద ఉన్నాయి. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి సికింద్రాబాద్ వెళ్లే లైన్ మీద ఉన్నాయి. మాచర్లకు నడికుడి నుంచి లైన్ ఉంది. పిల్లలు హైదరాబాద్‌లో ఉంటే ఇది చిన్న విషయం కాదు.

మసీదు నడిచి వెళ్లేంత దూరంలో ఉందా, ఖబరస్తాన్ ఏ ఊళ్లో ఉంది, అందులో బయటి ఊరి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు జాగా ఇస్తారా అన్నది కూడా కమిటీ పెద్దలను అడిగేయండి. అడగడానికి ఇబ్బందిగా ఉంటుంది కానీ, తర్వాత పిల్లలు ఇబ్బంది పడకుండా ఉంటారు.

డబ్బు లెక్క: 20 లక్షలుంటే 20 లక్షల భూమి కాదు

ఇది మార్కెట్ రేటు కాదు, లెక్క వేసే పద్ధతి మాత్రమే. మీ అంకెలు పెట్టి మీరు వేసుకోండి.

చేతిలో 20 లక్షలు ఉన్నాయనుకుందాం. నెల ఖర్చు 15,000 అయితే రెండేళ్ల ఖర్చు 3,60,000 పక్కన పెట్టాలి. వైద్యానికి 2 లక్షలు. చిన్న ఇల్లు, బోరు, కరెంటు, కంచెకు 6 లక్షలు అనుకుందాం. మిగిలింది 8,40,000. రిజిస్ట్రేషన్‌కు స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం. భూమి ధర 7,50,000 అయితే ఇది 56,250 అవుతుంది. మిగిలిన 33,750 సర్వేయర్, లాయర్, డాక్యుమెంట్ రైటర్, తిరుగుళ్లకు. అంటే 20 లక్షలున్న మనిషి భూమికి పెట్టగలిగింది ఏడున్నర లక్షలే. అంతకు మించి పెడితే ఇల్లో, మందులో ఏదో ఒకటి ఆగిపోతుంది.

ఎకరం అంటే 100 సెంట్లు, 4,840 చదరపు గజాలు. సెంటు 48.4 గజాలు. బ్రోకర్ గజాల్లో చెబితే సెంట్లలోకి, సెంట్లలో చెబితే ఎకరాల్లోకి మార్చి చూడండి. ఎకరం కొని గజాల్లో ముక్కలు చేసి "ఫామ్ ప్లాట్" పేరుతో అమ్మేవాళ్ల అసలు లాభం అక్కడే కనపడుతుంది. అలాంటి వెంచర్‌లో పల్నాడు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ లేదా సీఆర్‌డీఏ ఇచ్చిన లేఅవుట్ నంబర్ ఉందా, రెరా నంబర్ ఉందా అని అడగండి. అనుమతి లేని లేఅవుట్‌లో రేపు ఇంటి ప్లాన్‌కు ఇబ్బంది వస్తుంది.

స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. బయానాతో సహా అంతా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. రేపు గొడవైతే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

కొన్నాక చేయాల్సినవి

రిజిస్ట్రేషన్‌తో పని అయిపోదు. మ్యుటేషన్ జరిగి 1బి, అడంగల్‌లో మీ పేరు ఎక్కాలి, పాస్‌బుక్ రావాలి. సర్వే చేయించి నాలుగు మూలలా రాళ్లు పాతించండి. దూరంగా ఉండేవాళ్లు ఆరు నెలలకోసారి అడంగల్ ఆన్‌లైన్‌లో చూసుకోవాలి.

కౌలుకు ఇవ్వడానికి భయపడనక్కర్లేదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలలకు ఒప్పందం రాసుకుంటే కౌలు రైతుకు పంట మీద రుణం, సాయం అందుతాయి, భూమి మీద హక్కు రాదు. అయితే కౌలు డబ్బు జీతంలా నెలనెలా రాదు. దాన్ని నమ్ముకుని ఇంటి ఖర్చు నడపలేం. అత్యవసరంగా డబ్బు కావాలంటే వారంలో అమ్ముకునే వస్తువు కూడా కాదు భూమి.

దస్తావేజు భార్యాభర్తలిద్దరి పేరు మీద రాయించడం మంచిది. పిల్లలు ఉంటే భర్త ఆస్తిలో భార్యకు వచ్చే వాటా ఎనిమిదో వంతు మాత్రమే. సగం ముందే ఆమె పేరు మీద ఉంటే, ఒంటరిగా మిగిలిన రోజున ఎవరి దయ మీదా ఉండక్కర్లేదు.

చివరిగా ఒక మాట. వీలైతే కొనేముందు అదే ఊళ్లో మార్చి నుంచి జూన్ దాకా ఇల్లు అద్దెకు తీసుకుని ఉండండి. ట్యాంకర్ ఎన్ని రోజులకోసారి వస్తుందో, కరెంటు ఎన్నిసార్లు పోతుందో, ఏ పొలం మీద ఏ తగాదా ఉందో ఆ నాలుగు నెలల్లో ఊరే చెబుతుంది. ఈలోగా "వేరే పార్టీ రెడీగా ఉంది, రేపే బయానా ఇవ్వాలి" అని ఎవరైనా తొందరపెడితే ఆ పార్టీకే ఇచ్చేయమనండి. పల్నాడులో భూమి ఇంకా ఉంది. మీ దగ్గర రెండో గ్రాట్యుటీ లేదు.